న్యూట్రల్ పడట్లేదా? ప్లేట్లతో పాటు బుట్ట కూడా చూడండి

పాత బండి ఉన్నవాళ్ళకి ముందుగా ఒక చిన్న పరీక్ష. బండి స్టార్ట్ చేసి పావుగంట తిప్పండి. ఇంజన్ బాగా వేడెక్కాలి. చదునుగా ఉన్న చోట ఆపి, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్ వెయ్యండి. బండి కదలకుండా నిలబడిందా, లేక మీరు చెప్పకుండానే ముందుకి పాకుతోందా? ఇప్పుడు క్లచ్ అలాగే నొక్కి ఉంచి న్యూట్రల్‌కి రండి. మొదటిసారికే ఆకుపచ్చ లైటు వెలిగిందా, లేక ఫస్టు, సెకండు, మళ్ళీ ఫస్టు అంటూ కాలితో తొక్కుడుబిళ్ళ ఆడాల్సి వస్తోందా?

పాకుతున్నా, తొక్కుడుబిళ్ళ ఆడుతున్నా ఈ వారం కాలమ్ మీకోసమే.

ఇలాంటి బండి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే. "క్లచ్ ప్లేట్లు పోయాయి సార్, మార్చేద్దాం." మారుస్తారు. కొన్నాళ్ళు బాగుంటుంది. తర్వాత మళ్ళీ అదే పాకుడు, అదే తొక్కుడుబిళ్ళ. మళ్ళీ ప్లేట్లు, మళ్ళీ డబ్బులు. ఆ ప్లేట్లు కూర్చునే బుట్ట ఒకటుంటుంది. దాన్ని మాత్రం ఎవరూ చేతిలోకి తీసుకుని చూడరు. మెకానిక్కులు దాన్ని క్లచ్ హౌసింగ్ అంటారు, కొన్ని కంపెనీల పార్టుల పుస్తకంలో క్లచ్ ఔటర్ అని ఉంటుంది, యూట్యూబ్ వీడియోల్లో క్లచ్ బాస్కెట్ అంటారు. మూడూ ఒకటే. నేను హౌసింగ్ అనే అంటాను, ఎందుకంటే స్పేర్ పార్ట్స్ షాపులో ఆ మాట అంటేనే మనిషి లోపలికి వెళ్ళి వెతుకుతాడు.

బండికే డిగ్రీ ఇవ్వాలి

మాది కళింగపట్నం. మిగతా రాష్ట్రానికి మా ఊరు గుర్తొచ్చేది తుపాను వార్తల్లోనే. కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో వాయుగుండం అని టీవీలో చెప్తారు చూడండి, ఆ కళింగపట్నం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను మా దగ్గర్లోనే తీరం దాటింది. తుపాను లేని రోజుల్లో లైట్‌హౌసు, వంశధార సముద్రంలో కలిసే చోటు, సరుగుడు తోటలు, అంతే.

మా నాన్న చేపలు అమ్ముతాడు. తెల్లారేసరికి మా ఊళ్ళోనో, బందరువానిపేటలోనో పడవలు ఒడ్డుకి రాగానే పాట పాడి సరుకు తీసుకుంటాడు. ఐసు వేసి, బండి వెనక పెట్టెలు కట్టి, లోపలి ఊళ్ళకి బయల్దేరతాడు. ఒకరోజు శాలిహుండం వైపు, ఒకరోజు గార, శ్రీకూర్మం వైపు. నేను విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని. నా ఇంజనీరింగ్ చదువుకి ఆ బండి మోసిన ఐసు, చేపలు లెక్కేస్తే డిగ్రీ నాకు కాదు, దానికే ఇవ్వాలి.

బండి 2004 మోడల్. వంద సీసీ, నాలుగు గేర్లు. కంపెనీ పేరు చెప్పక్కర్లేదు, అలాంటి బండి లేని వీధి మన దగ్గర లేదు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచి మన పల్లెల్ని నడిపించింది ఈ వంద సీసీ నాలుగు స్ట్రోకుల బళ్ళే. 1994లో స్ప్లెండర్ వచ్చాక మరీను. తక్కువ పెట్రోలు, తక్కువ రిపేరు. ఆ తక్కువ రిపేరు వల్లే చాలామంది ఇంజన్ కుడివైపు కవరు ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా విప్పించరు.

మా నాన్న బండికి మాత్రం ప్లేట్లు రెండుసార్లు మారాయి. రెండోసారి మార్చి ఏడాది కాకుండానే ఈ మార్చి మొదటి వారంలో మళ్ళీ పాకుడు మొదలైంది. వీధి మధ్యలో బేరం జరుగుతుంటే క్లచ్ నొక్కినా బండి ముందుకి జరుగుతోంది. న్యూట్రల్ పడక నాన్న ఇంజన్ ఆపేసి, గేరు తీసి, మళ్ళీ కిక్కు కొడుతున్నాడు. ఒక పూటలో ఎన్నిసార్లో మీరే ఊహించుకోండి. మోకాలు వాచింది.

"కొత్త బండి తీసుకుందాం నాన్నా" అన్నాను.

"దీనికేటైనాదిరా? క్లచ్చే కదా" అన్నాడు.

బుట్ట లోపల ఏముంటుంది

ఏమైందో తెలియాలంటే క్లచ్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

హౌసింగ్ అంటే అల్యూమినియం బుట్ట. దాని గోడ నిండుగా ఉండదు. నిలువుగా వేళ్ళు, వేళ్ళ మధ్య సందులు. దాని అడుగున పెద్ద గేరు చక్రం ఉంటుంది. అది ఇంజన్ క్రాంక్ మీదున్న చిన్న గేరుతో కలుస్తుంది. అంటే ఇంజన్ తిరుగుతున్నంతసేపూ బుట్ట తిరుగుతూనే ఉంటుంది, మీరు క్లచ్ నొక్కినా సరే.

బుట్టలో ఇడ్లీ రేకుల్లాగ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండు రకాలు, ఒకటి విడిచి ఒకటి. మొదటి రకానికి పట్టు కోసం కార్కులాంటి పదార్థం అంటించి ఉంటుంది. మనం క్లచ్ ప్లేట్లు అనేవి ఇవే. వీటి బయటి అంచుకి చెవులుంటాయి. ఆ చెవులు బుట్ట వేళ్ళ సందుల్లో కూర్చుంటాయి. రెండో రకం నున్నటి ఇనప ప్లేట్లు. వీటికి లోపలి అంచున పళ్ళుంటాయి, అవి మధ్యలో ఉన్న హబ్బుని పట్టుకుంటాయి. బుట్ట ఇంజన్ తాలూకు, హబ్బు గేర్‌బాక్స్ తాలూకు. స్ప్రింగులు ఈ దొంతరని గట్టిగా నొక్కి ఉంచితే రెండూ కలిసి తిరుగుతాయి, బండి నడుస్తుంది. మీరు క్లచ్ లివర్ నొక్కితే స్ప్రింగుల ఒత్తిడి తప్పుతుంది. ప్లేట్లు ఒకదాన్నుంచి ఒకటి వెంట్రుకవాసి దూరం జరుగుతాయి. ఇంజన్ దాని దారిన అది తిరుగుతుంది, బండి నిలబడుతుంది.

ఆ జరగడం దగ్గరే కథంతా ఉంది. ప్లేటు జరగాలంటే దాని చెవి బుట్ట వేలి గోడ మీద నున్నగా జారాలి.

ఇప్పుడు ఒక లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకి ఒకసారి పెట్రోలు మండుతుంది. ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే 2000 సార్లు మండినట్టు. మండిన ప్రతిసారీ ఒక తోపు. ఆ తోపు బుట్ట వేళ్ళ నుంచి ప్లేట్ల చెవులకి అందుతుంది. గంటకి లక్షా ఇరవై వేల తోపులు. చెవి ఎప్పుడూ అదే చోట కొడుతుంది. ఏళ్ళ తరబడి కొడితే అల్యూమినియం వేలి మీద చెవి ఆకారంలోనే గాటు పడుతుంది. ఎన్ని ప్లేట్లుంటే అన్ని గాట్లు, నిచ్చెన మెట్లలాగ.

ఇక ప్లేటు జరగాలంటే ఆ గాటులోంచి గట్టెక్కాలి. ఎక్కలేక అక్కడే ఉండిపోతుంది. మీరు లివర్ పూర్తిగా నొక్కినా రెండు మూడు ప్లేట్లు హబ్బుని ఇంకా లాగుతూనే ఉంటాయి. అదే పాకుడు. గేర్‌బాక్స్ మీద ఆ లాగుడు ఉన్నంతసేపూ న్యూట్రల్ తేలిగ్గా పడదు. లివర్ వదిలినప్పుడు ప్లేట్లు గాటులోంచి గాటులోకి దూకుతాయి కాబట్టి బండి కుదుపుతో కదులుతుంది.

కొత్త ప్లేట్లు వేస్తే కొన్నాళ్ళు బాగుండటానికి కారణం కూడా ఇదే. కొత్త చెవుల వెడల్పు, మందం పాతవాటిలా ఉండవు. పాత గాట్లలో సరిగ్గా కూర్చోవు. కొన్నాళ్ళకి అవీ తమ చోటు చేసుకుంటాయి. అప్పుడు కథ మొదటికొస్తుంది.

జారడం వేరు, పట్టుకోవడం వేరు

మా ఆఫీసులో బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు "పని చెయ్యట్లేదు" అని రాస్తే సీనియర్లు ఒప్పుకోరు. ఎలా పని చెయ్యట్లేదో రాయమంటారు. క్లచ్‌కీ అదే వర్తిస్తుంది. "క్లచ్ పోయింది" అనకండి. రెండు రకాలుగా పోతుంది.

ఒకటి, జారడం. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది కానీ బండి లాగదు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువున్నప్పుడు బాగా తెలుస్తుంది. ఇది ఎక్కువగా ప్లేట్ల అరుగుదల, స్ప్రింగులు మెత్తబడటం, లేదా తప్పుడు ఆయిల్.

రెండోది, పట్టుకుని వదలకపోవడం. పైన చెప్పిన పాకుడు, న్యూట్రల్ పడకపోవడం. ఇక్కడ కొత్త ప్లేట్లు ఒక్కటే మందు కాదు. హౌసింగ్ చూడాల్సిందే.

అయితే విప్పే ముందు డబ్బు ఖర్చవ్వని పనులు మూడున్నాయి. లివర్ చివర ఖాళీ చూడండి. ఈ తరహా బళ్ళకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఖాళీగా ఆడాలి. అంతకంటే ఎక్కువ ఆడితే మీరు పూర్తిగా నొక్కుతున్నామనుకున్నా లోపల సగమే నొక్కుడు పడుతుంది. కేబుల్ లోపల తీగలు తెగి బిగుసుకుందేమో చూడండి. మా సముద్రం ఒడ్డున ఇది మామూలే. మూడోది ఆయిల్. ఈ బళ్ళలో ఇంజన్ ఆయిల్లోనే క్లచ్ మునిగి తిరుగుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అన్న గుర్తున్న బైకు ఆయిలే పొయ్యాలి. కారు ఆయిల్ చవగ్గా దొరికిందని పోస్తే ప్లేట్లు జారొచ్చు.

నాన్న బండికి మూడూ చూశాను. ఖాళీ సరిగ్గానే ఉంది, కేబుల్ కొత్తది, ఆయిల్ సరైనదే. అంటే విప్పక తప్పదు.

ఇంకోమాట. మా వైపు ఏది పాడైనా ఉప్పుగాలి మీదకి తోసేస్తాం. చెయిన్, రిమ్ము, సైలెన్సర్ విషయంలో అది నిజమే. కానీ హౌసింగ్ ఆయిల్లో ఉంటుంది, దానికి ఉప్పుగాలి సోకదు. దాన్ని తినేది వాడకం. నాన్న వీధిలోకి రాగానే నడక వేగంతో, సగం క్లచ్ మీద, "సేపలో" అని కేక వేసుకుంటూ వెళ్తాడు. ఇంటింటికీ ఆగుతాడు. ఒడ్డున ఇసకలోంచి బరువుతో లాగిస్తాడు. హైవే మీద తిరిగే బండికి ఏడాదిలో పడే క్లచ్ నొక్కుళ్ళు ఈ బండికి నెలలో పడిపోతాయేమో. టీవీఎస్ ఎక్సెల్ మీద అమ్మేవాళ్ళకి ఈ గొడవ లేదు, దాని క్లచ్ వేగాన్ని బట్టి దానంతటదే పడుతుంది, వదులుతుంది. గేర్ల బండి మీద ఈ వ్యాపారం చేస్తే మూల్యం చెల్లించేది ఆ బుట్టే.

విప్పాక

మా ఊరి మెకానిక్ మావయ్య వంద సీసీ బండిని కళ్ళు మూసుకుని విప్పగలడు. ఆయిల్ దింపి, కిక్కురాడ్డు తీసి, కుడి కవరు విప్పాం. స్ప్రింగుల బోల్టులు నాలుగూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చెయ్యాలి. ఒకటి పూర్తిగా విప్పి ఇంకొకటి పట్టుకుంటే దొంతర ఒక పక్కకి ఒరుగుతుంది. ప్రతి అడుగుకీ నేను ఫోన్‌లో ఫోటో తీశాను. ఏ ప్లేటు ఏ వరసలో, ఏ వైపుకి ఉందో తిరిగి బిగించేటప్పుడు అది చాలా అవసరం. మధ్యలో లాక్ కొన్ని బళ్ళకి సర్క్లిప్, కొన్నింటికి ప్రత్యేకమైన నట్టు. నట్టు ఉంటే దాని టూలుతోనే విప్పించండి, ఉలీ సుత్తీ పెట్టనివ్వకండి.

ప్లేట్లు చూస్తే బాగానే ఉన్నాయి. మందం కూడా పోలేదు. మావయ్య హౌసింగ్‌ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"గోరు పెట్టి గీకు బాబూ."

వేలి గోడ మీద పై నుంచి కిందకి గోరు జార్చాను. టక్, టక్, టక్. ప్రతి ప్లేటు దగ్గరా గోరు ఆగిపోతోంది. ఇంజన్ తోసే వైపు గాట్లు లోతుగా, రెండో వైపు తేలిగ్గా. యాక్సిలరేటర్ వదిలినప్పుడు చక్రం ఇంజన్‌ని వెనక్కి తోస్తుంది కదా, ఆ దెబ్బలు రెండో వైపువి.

తర్వాత ఆయన గేరు చక్రాన్ని ఒక చేత్తో, బుట్టని ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూశాడు. ఆ రెంటినీ కలిపే రివెట్లు, మధ్యలో కుదుపు తట్టుకునే డాంపర్లు ఉంటాయి. అవి వదులైతే చేతికి గటగటా తెలుస్తుంది. అలా తెలిస్తే ఇక ఆకురాయి గురించి ఆలోచించడం అనవసరం, హౌసింగ్ మార్చడమే. మధ్య రంధ్రం అరిగి షాఫ్టు మీద ఊగినా అంతే. మాది అప్పటికి గట్టిగానే ఉంది.

ఆకురాయా, కొత్తదా

ఇక్కడ మేం ముగ్గురం మూడు మాటల మీద ఉన్నాం. నేను ఫోరాలు, వీడియోలు చూసి వచ్చాను. గాట్లని ఆకురాయితో చదును చేస్తే చాలు అని చాలామంది చెప్తారు. మావయ్య మాట వేరు. "రాస్తే ఉంటాది, కానీ ఎన్నాళ్ళుంటాది? రాసినకొద్దీ సందు పెద్దదవుతాది. సందు పెద్దదైతే చెవి దూరం నుంచి వచ్చి గుద్దుతాది. మొదటి గాటుకి ఇరవయ్యేళ్ళు పట్టింది. రెండోదానికి అంత పట్టదు." నాన్నది ఒకటే మాట. "రేపు పొద్దున్నకి బండి కావాల."

నాన్న మాట మొండితనం కాదు. శ్రీకాకుళం మాకు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ హౌసింగ్ ఆ రోజుకి దొరకలేదు, తెప్పించాలన్నారు. అది మార్చి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరబోట్లు కదలవు, నాన్నకి సరుకూ ఉండదు. నిషేధానికి ముందు ప్రతి రోజూ ఆ రెండు నెలలకి దాచుకునే రోజు. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే ఆ నాలుగు రోజుల సంపాదన మళ్ళీ ఎప్పటికీ రాదు.

అందుకని ఇలా అనుకున్నాం. ఇప్పుడు ఆకురాయి. నిషేధం మొదలవగానే హౌసింగ్.

సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని వర్క్‌అరౌండ్ అంటాం. తాత్కాలిక సర్దుబాటు. అది తప్పు కాదు. తాత్కాలికమని రాసిపెట్టుకోకపోవడం, అదే శాశ్వతం అనుకోవడం ప్రమాదం. నేను క్యాలెండర్‌లో ఏప్రిల్ 15 మీద "హౌసింగ్" అని రాసి గోడకి తగిలించాను.

ఎందుకంత పట్టుదల అంటే, పలచబడిన వేలు విరిగే అవకాశం ఉంది. విరిగిన ముక్క ఆయిల్లో ఊరికే పడి ఉండదు. పక్కనే తిరిగే గేర్లున్నాయి. వాటి మధ్యకి వెళ్తే క్లచ్ ఖర్చు కాస్తా ఇంజన్ ఖర్చవుతుంది. పైగా అది జరిగేది షెడ్డులో కాదు, తెల్లారగట్ల చీకట్లో, వెనక ఐసుపెట్టెల బరువుతో మనిషి రోడ్డు మీద ఉన్నప్పుడు.

ఆకురాయి పట్టే పద్ధతి

మీకూ ఇలాంటి అవసరం పడితే పద్ధతి ఇది. హౌసింగ్ పూర్తిగా బయటికి తియ్యాలి. బండికి ఉండగా రాస్తే ఆ పొడి అంతా ఇంజన్‌లోకి పోతుంది. గాట్లు తేలిగ్గా ఉంటేనే మొదలుపెట్టాలి. గోరుకి తగిలి తగలనట్టుంటే సరే. గోరు దిగబడి ఆగిపోతుంటే ఆకురాయితో వచ్చేది కొన్ని రోజులే. మాది రెండో రకం, అది తెలిసే చేశాం.

సన్న పళ్ళున్న చదును ఆకురాయి తీసుకోండి. వేలి గోడకి సరిగ్గా ఆనించి, ఒకే వైపుకి, నెమ్మదిగా. గాటు అడుగు దాకా తీసేయాలని లేదు. మెట్ల అంచులు పోయి చెవి అడ్డు లేకుండా జారితే చాలు. వేలి మూలలు గుండ్రంగా అయిపోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి వేలికీ ఒకే లెక్క. ఒక వేలికి పది రాపిడిలైతే అన్నిటికీ పదే. ఒక వేలు ఎక్కువ అరిగితే ఆ సందులో చెవి ఖాళీగా ఉంటుంది, మిగతా చెవుల మీదే భారం పడుతుంది. మావయ్య పక్కనే బొగ్గుముక్కతో గీతలు పెట్టి లెక్క రాశాడు.

అయ్యాక కొత్త ప్లేటు ఒకటి తీసుకుని సందుల్లో పైకీ కిందకీ జార్చి చూడండి. ఎక్కడా ఆగకూడదు. హౌసింగ్‌ని కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి, మళ్ళీ కడగండి. అల్యూమినియం పొడి కంటికి కనబడకపోయినా ఉంటుంది.

కవరు ఎలాగూ విప్పారు కాబట్టి, పక్కనే క్రాంక్ చివర తిరిగే ఆయిల్ ఫిల్టర్ కప్పు ఉంటుంది ఈ వంద సీసీ బళ్ళలో. అదీ తెరిచి తుడవండి. మాదాంట్లో బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంది. అరిగిన లోహం అలాగే వచ్చి అక్కడ చేరుతుంది. దాన్ని వేళ్ళతో నలిపి చూస్తే ఇన్నేళ్ళ అరుగుదల కళ్ళకి కనబడుతుంది.

మర్నాడు నాన్న మామూలుగా వెళ్ళాడు. న్యూట్రల్ ఒక్క తన్నుకే పడుతోందని చెప్పాడు. ఆ సంతోషం చూస్తే మావయ్య మాట తప్పేమో అనిపిస్తుంది ఎవరికైనా.

నలభై రోజుల తర్వాత

ఏప్రిల్ 15 దాటాక కొత్త హౌసింగ్ వచ్చింది. కవరు మళ్ళీ విప్పాం. నలభై రోజుల కిందట చదును చేసిన గోడల మీద మళ్ళీ గాట్లు. అంత లోతు కాదు, కానీ గోరుకి స్పష్టంగా తగులుతున్నాయి. రెండు చేతులతో తిప్పి చూస్తే గేరుకీ బుట్టకీ మధ్య కొంచెం కదలిక మొదలైంది. మార్చిలో అది లేదు. పెద్ద సందుల్లో చెవులు గుద్దిన గుద్దు రివెట్ల దాకా వెళ్ళింది. మావయ్య ఏమీ అనలేదు. హౌసింగ్ నాన్న చేతిలో పెట్టాడు. నాన్న గోరు పెట్టి గీకి, పక్కన పెట్టేశాడు.

కాబట్టి ఆకురాయి పని చేసిందా అంటే చేసింది. దానితో మేం కొనుక్కున్నది నలభై రోజులు. ఆ నలభై రోజులు మాకు కావాలి కాబట్టి అది మంచి బేరమే. నా స్నేహితుడొకడు ఆదివారం మాత్రమే బండి తీస్తాడు, వాడికి అదే ఆకురాయి ఏళ్ళు ఇవ్వొచ్చు. గాటు లోతుతో పాటు బండి చేసే పని కూడా చూసి తేల్చుకోవాల్సిన విషయం ఇది.

కొత్త హౌసింగ్ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళండి. కౌంటర్ దగ్గరే గేరు పళ్ళు రెండింటివీ లెక్కపెట్టండి. ఒక్క పన్ను తేడా ఉన్నా అది మీ బండిది కాదు. మధ్య రంధ్రం, ఎత్తు పోల్చండి. ఒక ప్లేటు కూడా తీసుకెళ్ళి సందుల్లో జార్చి చూడండి, బిగుతుగా ఉన్నా తీసుకోకండి, బాగా వదులుగా ఉన్నా తీసుకోకండి. డూప్లికేట్ సరుకులో పోతపోసిన గరుకు గోడలు వేలితో తడిమితేనే తెలుస్తాయి. కొత్త ప్లేట్లని బిగించే ముందు కొత్త ఆయిల్లో బాగా నానబెట్టండి, పొడిగా వేస్తే మొదటి రోజే కాలుతాయి. గ్యాస్కెట్ కొత్తది వెయ్యండి. బోల్టులు మళ్ళీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. చివరగా లివర్ ఖాళీ మళ్ళీ సరిచూడండి.

పార్టులు, ఆయిలు, గ్యాస్కెట్, మావయ్య కూలీ అన్నీ కలిపితే నాన్న నాలుగు రోజుల సంపాదన అయ్యింది. పోయిన రెండుసార్లూ ప్లేట్లకి పెట్టిన డబ్బు దీనికి దాదాపు సమానం.

పార్టే దొరకకపోతే

మా బండికి పార్టు దొరికింది కాబట్టి ఈ లెక్క. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు ప్రాణం పెట్టే ఆర్‌ఎక్స్ 100 సంగతి వేరు. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన బండి. దానికి మంచి హౌసింగ్ దొరికితే అదృష్టమే. అలాంటప్పుడు ఆకురాయికి విలువ పెరుగుతుంది, ఎందుకంటే తర్వాత ఏమిటి అన్నదానికి జవాబు తేలిగ్గా లేదు. గాట్లలో అల్యూమినియం వెల్డింగ్ పెట్టించి మిల్లింగ్ చేయించేవాళ్ళూ ఉన్నారు. వేళ్ళన్నీ ఒకే కొలతకి తేగలిగే పనివాడు ఉంటేనే అటు వెళ్ళండి. దొరికిన రోజున ఒక హౌసింగ్ కొని దాచుకోవడం వాళ్ళకి నేనిచ్చే సలహా.

మామూలు సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి బండిని చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. మా బండి ఆ గుమ్మం రెండుసార్లు దాటింది. ప్రతిసారీ "ఇంకెందుకు, అమ్మేయండి" అనేవాళ్ళు ఉంటారు. అమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ అవసరం. కానీ క్లచ్ పాకుతోందని, న్యూట్రల్ పడట్లేదని మాత్రం పాత బండిని తక్కువకి వదిలేయకండి. కొన్నవాడు ఆ వారమే హౌసింగ్ మార్పించి హాయిగా తిప్పుకుంటాడు.

ఈసారి షెడ్డులో ఎవరైనా "ప్లేట్లు పోయాయి" అంటే మూడు అడగండి. జారుతోందా, పట్టుకుంటోందా? హౌసింగ్ మీద గోరు ఆగుతోందా? గేరుకీ బుట్టకీ మధ్య కదలిక ఉందా? మూడింటికీ జవాబు చూపించిన మెకానిక్కు దొరికితే ఆయన్ని వదులుకోకండి. పనికి ఎంత అడిగినా బేరమాడకండి. మా మావయ్య దగ్గర నేనూ ఆడలేదు. నాన్న మాత్రం ఆడాడు లెండి, అది ఆయన వృత్తిధర్మం.